మంచుదేశంలో మన పిల్లల కారు – చలికాలపు టైర్లు, చక్రాలు

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజున ఈ వేదిక మీద కరువు భత్యం బకాయిల గురించి, వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటు గురించి మాట్లాడవలసినవారు చాలామంది ఉన్నారు. వారు నాకంటే బాగా మాట్లాడతారు. కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మీరు కెనడాలో ఆరు నెలలు ఉండి వచ్చారు గదా, మన సభ్యులకు పనికొచ్చేది ఏదైనా చెప్పండి" అన్నారు. నయాగరా జలపాతం గురించి చెబుతానని అనుకున్నారేమో! దాని ఫోటోలు మీ అందరి ఫోన్లలోనూ ఉన్నాయి. నేను కారు టైర్ల గురించి చెబుతాను.

నవ్వకండి. ఈ సభలో ఎంతమంది పిల్లలు కెనడాలో, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో, జర్మనీలో ఉన్నారో చేతులెత్తమంటే సగం చేతులు లేస్తాయి. వారందరికీ కార్లున్నాయి. నాలుగు డబ్బులు చేతిలో ఆడేసరికి చాలామంది పెద్ద ఎస్.యు.వి. కొంటున్నారు. మనం వెళ్లినప్పుడు వెనక సీట్లో మనవల పక్కన కూర్చునేది మనమే. ఆ బండి మంచుమీద ఆగుతుందా, జారుతుందా అన్నది మనకు సంబంధం లేని విషయం కాదు. పైగా సర్వీసులో ఉండగా మా ఆఫీసు జీపుల టైర్ల ఫైలు చాలాకాలం నా సీట్లోనే నడిచింది. ఇండెంటు, కొటేషన్లు, కంపారిటివ్ స్టేట్‌మెంటు, పాత టైర్ల కండెమ్నేషన్ సర్టిఫికెట్టు, వీటన్నిటితో నాకు పరిచయముంది. అందువల్ల అక్కడ అల్లుడుగారు టైర్లు కొనబోతుంటే నేనూ కూడా వెళ్లి కూర్చున్నాను.

2023 అక్టోబరులో నేనూ, నా భార్యా ఒట్టావా నగరంలో ఉన్న మా అమ్మాయి దగ్గరకు వెళ్లాము. ఆ ఏడే వాళ్లు బి.ఎమ్.డబ్ల్యు. ఎక్స్ 5 అనే బండిని సెకండ్ హ్యాండులో కొన్నారు. చూడముచ్చటైన బండి. 21 అంగుళాల చక్రాలు, వాటికి పల్చటి పట్టీలా టైర్లు. అవి వేసవి టైర్లు. అమ్మినాయన చలికాలపు టైర్లు ఇవ్వలేదు. అల్లుడుగారి అభిప్రాయం ఏమిటంటే, బండికి నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందుతుంది, కాబట్టి ఈ ఏడాదికి ఎలాగో నెట్టుకురావచ్చు, ఖర్చు వచ్చే ఏడాది చూద్దామని.

ఈ అభిప్రాయం ఆయన ఒక్కడిదే కాదు. అక్కడ మనవాళ్లలో చాలామందిది. అందుకని దీన్నే కాస్త విడమరిచి చెబుతాను.

నాలుగు చక్రాలకూ శక్తి అందితే బండి మంచులోనుంచి సులువుగా కదులుతుంది. ఎత్తు ఎక్కుతుంది. ఇది నిజం. కాని బ్రేకు వేసినప్పుడు ఇంజను శక్తితో పని లేదు. బ్రేకులు ప్రతి కారుకూ నాలుగు చక్రాల మీదా ఉంటాయి, చిన్న కారుకైనా పెద్ద కారుకైనా. చక్రాన్ని ఆపేది బ్రేకు, బండిని ఆపేది మాత్రం టైరు రబ్బరుకూ నేలకూ మధ్య ఉన్న పట్టు. ఆ పట్టు లేకపోతే చక్రం ఆగిపోయినా బండి జారుతూనే పోతుంది. మలుపులోనూ ఇంతే. ఇక బండి బరువు రెండు టన్నుల పైమాటే. కదిలేటప్పుడు సులువుగా కదులుతుంది గనుక నడిపేవాడికి రోడ్డు జారుడుగా ఉందన్న సంగతే తెలియదు. చిన్న కారువాడికి బయలుదేరేటప్పుడే చక్రాలు గిర్రున తిరిగి హెచ్చరిక అందుతుంది. పెద్ద బండివాడికి ఆ హెచ్చరిక ఆగవలసిన చోట అందుతుంది.

మా అల్లుడుగారి స్నేహితుడొకరికి సరిగ్గా ఇదే జరిగింది. అలాంటి పెద్ద బండే, వేసవి టైర్లే. నవంబరులో తొలి మంచు పడిన ఉదయం, ఇంటి దగ్గరి పల్లంలో స్టాప్ బోర్డు ముందు బ్రేకు వేశాడు. బండి నింపాదిగా, ఏ తొందరా లేకుండా, కూడలి దాటుకుని అవతలి కరెంటు స్తంభాన్ని తాకి ఆగింది. వెనక సీట్లో ఆయన తల్లిగారు ఉన్నారు. దైవకృప, ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఆమె నాతో చెప్పిన మాట ఇది: "అన్నయ్యగారూ, వేగంగా పోయి గుద్దుకుంటే అదొక రకం. ఇది మెల్లగా పోతూ ఉంటే చూస్తూ కూర్చోవలసి వచ్చిందండీ." ఆ మరునాడే మా అల్లుడుగారు టైర్ల దుకాణాలకు ఫోన్లు మొదలుపెట్టారు.

ఇంతకూ చలికాలపు టైరులో ఏముంది? మొదటిది రబ్బరు. మన ఇళ్లలో పుష్యమాసంలో సీసాలో కొబ్బరినూనె గడ్డకట్టడం అందరికీ తెలిసిందే. వేసవి టైరు రబ్బరు సంగతీ అలాంటిదే. ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీలకంటే దిగితే అది బిర్రబిగుసుకోవడం మొదలుపెడుతుంది. ఇక్కడ 7 డిగ్రీలంటే మంచు ఊసే లేదని గమనించగలరు. మన లంబసింగిలో కొన్ని తెల్లవారుజాముల్లో ఉండే చలి అది. ఒట్టావాలో జనవరిలో సున్నకు కింద 20 డిగ్రీలు మామూలు మాట. అంత చలిలో వేసవి టైరు పలకలా అవుతుంది. గడ్డకట్టే చలిలో వాటిని వాడితే రబ్బరు పగలవచ్చునని తయారీదారులే హెచ్చరిస్తారు. చలికాలపు టైరులో సహజ రబ్బరు పాలు ఎక్కువ, సిలికా కలుపుతారు, చలిలోనూ మెత్తగా ఉంటుంది.

రెండవది గాట్లు. టైరు ముఖం మీద పెద్ద గాడులే కాక, ప్రతి దిమ్మె మీదా గుత్తివంకాయకు చాకుతో పెట్టినట్లు సన్నటి గాట్లు వందలకొద్దీ ఉంటాయి. బండి కదిలేటప్పుడు అవి తెరుచుకుని వాటి అంచులు మంచును గీరుతాయి. పెద్ద గాడుల్లో మంచు కూరుకుంటుంది. అది మంచిదేనట. మంచును మంచు పట్టుకున్నట్లు రబ్బరు పట్టుకోలేదు. నాకు వింతగా తోచిన మరో సంగతి: ఐసు అన్నిటికంటే జారేది గడ్డు చలిలో కాదు, సున్న డిగ్రీల దగ్గర. అప్పుడు దాని మీద సన్నటి నీటి పొర ఉంటుంది. మన ఇంట్లో తడి గచ్చు మీద కాలు జారినట్లే.

ఈ టైర్ల చరిత్ర కూడా రెండు మాటల్లో చెబుతాను. మొదటి చలికాలపు టైరు 1934లో ఫిన్లాండులో లారీల కోసం తయారైంది. ఈనాడు నోకియన్ పేరుతో ఉన్న కంపెనీ అది. 1936లో కార్లకు చేసినదానికి పెట్టిన హక్కపెలిట్ట అనే పేరు ఇప్పటికీ నడుస్తోంది. అది పూర్వం ఫిన్నిష్ అశ్విక దళానికి ఉన్న పేరు. తరువాత ఇనుప మేకులు దిగ్గొట్టిన టైర్లు వచ్చాయి. ఐసు మీద వాటికి సాటి లేదు గాని, మంచు లేని రోడ్డును అవి గీకి పారేస్తాయి. జపానులో ఆ దుమ్ముతో ఊళ్లకు ఊళ్లు దగ్గాయి. 1990లో అక్కడ చట్టం చేసి వాటిని అరికట్టారు. దానికి రెండేళ్ల ముందే బ్రిడ్జ్‌స్టోన్ వారు రబ్బరులోనే సన్నటి రంధ్రాలుండి ఐసు మీది నీటి పొరను పీల్చుకునే టైరు తెచ్చారు. బ్లిజాక్ అంటే అదే. జర్మనీలోనూ మేకుల టైర్లు నిషిద్ధం. ఒంటారియో రాష్ట్రంలో ఉత్తర భాగం వారికే అనుమతి.

ఇప్పుడు కొనేటప్పుడు చూడవలసిన గుర్తులు. చాలా టైర్ల పక్కన 'ఎమ్ ప్లస్ ఎస్' అని ఉంటుంది. బురద, మంచు అని అర్థం. ఇది కేవలం గాడుల ఆకారాన్ని బట్టి తయారీదారు తానే వేసుకునే ముద్ర. పరీక్ష ఏమీ లేదు. సెల్ఫ్ అటెస్టేషన్ అన్నమాట. అసలు గుర్తు వేరే ఉంది. మూడు శిఖరాల కొండ, దాని మధ్య మంచు రేకు. మంచు మీద పరీక్షించి, నిర్ణీత స్థాయి దాటితేనే ఈ బొమ్మ వేస్తారు. గెజిటెడ్ అధికారి సంతకం లాంటిది. అయితే ఇందులోనూ ఒక మెలిక ఉంది. అమెరికాలో ఆ పరీక్ష గట్టిపడిన మంచు మీద బండిని ముందుకు లాగే శక్తిని చూస్తుంది. ఐసు మీద ఆగడాన్ని చూడదు. అందువల్ల 'అన్ని కాలాలకూ' అని అమ్మే కొన్ని టైర్లకు కూడా ఈ బొమ్మ ఉంటుంది. వాంకూవర్ వంటి మెత్తని చలి ఉన్న చోట అవి సరిపోతాయేమో గాని, ఒట్టావా, మిన్నియాపోలిస్ వంటి చోట్లకు అచ్చంగా చలికాలపు టైరే కావాలని నా అభిప్రాయం.

ఇక చక్రాల సంగతి. అన్నిటికంటే వాదన నడిచింది ఇక్కడే. అల్లుడుగారికి ఆ 21 అంగుళాల చక్రాల మీద మోజు. వాటికే చలికాలపు టైర్లు వేయిద్దామన్నారు. దుకాణంలో ఉన్న ఒక పెద్దాయన, పోర్చుగీసు దేశస్థుడు, వద్దని 19 అంగుళాల వేరే చక్రాలు చూపించాడు. అమ్మాయికేమో చిన్న చక్రాలు వేస్తే బండి తగ్గిపోయి రోడ్డుకు తగులుతుందని అనుమానం. అప్పుడు నేను కాగితం, పెన్సిలు అడిగి పుచ్చుకున్నాను.

టైరు మీద 275/40 ఆర్ 21 అని ఉందనుకోండి. 275 అంటే వెడల్పు, మిల్లీమీటర్లలో. 40 అంటే ఆ వెడల్పులో 40 శాతం పక్క గోడ ఎత్తు, అనగా 110. పైనా కిందా కలిపి 220. చక్రం 21 అంగుళాలు, అంగుళానికి 25.4 చొప్పున 533.4. మొత్తం 753.4 మి.మీ. ఇప్పుడు చలికాలపు సైజు 265/50 ఆర్ 19 తీసుకోండి. గోడ 132.5, రెండు వైపులా 265. చక్రం 482.6. మొత్తం 747.6 మి.మీ. తేడా 5.8 మి.మీ. అనగా నూటికి ఒకటి కూడా లేదు. బండి దిగేది ఆ తేడాలో సగమే, మూడు మిల్లీమీటర్లు. చక్రం రెండంగుళాలు తగ్గింది, రబ్బరు గోడ ఆ మేరకు పెరిగింది, టైరు బయటి కొలత దాదాపు అదే. కాగితం చూసి అమ్మాయి ఊరుకుంది.

మరి ఆ రబ్బరు గోడ పెరగడం వల్ల లాభమేమిటి? చలికాలంలో అక్కడి రోడ్లు నీరు గడ్డకట్టి, కరిగి, మళ్లీ గడ్డకట్టి గుంటలు పడతాయి. గుంట మంచు కింద కనిపించదు. పల్చటి టైరయితే దెబ్బ నేరుగా చక్రానికి తగిలి అంచు వంగుతుంది. పొడుగు గోడ ఉన్న టైరు దెబ్బను తాను మింగుతుంది. వెడల్పు తక్కువైతే ఇంకో లాభముంది. అదే బరువు సన్నని జాగా మీద పడి టైరు తడి మంచును కోసుకుంటూ కిందికి దిగుతుంది. వెడల్పు టైరు దాని మీద తేలుతుంది. నాగలికీ, పలుగుదంతెకూ ఉన్న తేడా. పైగా 19 అంగుళాల టైర్లు 21 వాటికంటే చవక.

మరో చిక్కు. ఆ బండికి 21 అంగుళాల సెట్టులో వెనక టైర్లు ముందువాటికంటే వెడల్పు, 275 ముందు, 315 వెనక. కాబట్టి ముందువి వెనక్కు, వెనకవి ముందుకు మార్చడానికి వీల్లేదు. నాలుగూ ఒకే సైజు తీసుకుంటే మార్చుకోవచ్చు, సమంగా అరుగుతాయి. నాలుగు చక్రాల బండికి ఇది మరీ ముఖ్యం. ముందు వెనక చక్రాల చుట్టుకొలత తేడా వస్తే శక్తిని పంచే యంత్ర భాగం నలుగుతుంది. దాని మరమ్మత్తు ఖర్చు టైర్ల ఖర్చును మించుతుంది. రెండు టైర్లు మాత్రమే మార్చి సరిపెట్టుకుందామనే ఆలోచన ఏ బండికీ పనికిరాదు. ముందర పట్టుండి వెనక లేకపోతే మలుపులో బండి వెనక భాగం తిరిగిపోతుంది.

చిన్న చక్రం మంచిదన్నాను గదా అని ఎంతైనా చిన్నది పట్టదు. ఇంకో దుకాణంవాడు 18 అంగుళాలవి చవగ్గా ఇస్తానన్నాడు. పెట్టి చూపించమంటే పెట్టాడు. చేత్తో తిప్పితే చక్రం లోపలి అంచు బ్రేకు కాలిపర్‌ను రాసుకుంది. ఒకే మోడల్లోనూ పెద్ద బ్రేకులున్న బండ్లు, చిన్న బ్రేకులున్న బండ్లు ఉంటాయి. కాబట్టి కంపెనీ పుస్తకంలో ఆ బండికి రాసిన సైజుల్లోనే ఎంచుకోవాలి. బోల్టుల సంఖ్య, వాటి మధ్య దూరం (ఈ బండికి అయిదు బోల్టులు, 112 మి.మీ. వలయం), మధ్య రంధ్రం, చక్రం లోపలికీ బయటికీ ఉండే ఆఫ్‌సెట్ అనే కొలత, ఇవన్నీ సరిపోవాలి. బోల్టులు సరిపోయాయి గదా అని కొన్నవారికి తరువాత చక్రం ఫెండరుకు రాసుకోవడం జరుగుతుంది.

టైరు సైజు పక్కనే 110 హెచ్ వంటి సంఖ్య, అక్షరం ఉంటాయి. 110 అంటే ఒక్కో టైరు 1,060 కిలోలు మోయగలదని. హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల దాకా తట్టుకోగలదని. చలికాలపు టైరులో వేగం అక్షరం కొంత తగ్గినా ఫరవాలేదు. టి అంటే 190. మంచులో అంత వేగం ఎవరికి కావాలి? బరువు సంఖ్య మాత్రం పుస్తకంలో ఉన్నదానికంటే తగ్గరాదు. ఎస్.యు.వి. బరువు, అందులో అయిదుగురు మనుషులు, పైన మన ఊరగాయ జాడీలు కూడా కలుస్తాయి మరి.

ఇనుప చక్రమా, అల్లాయ్ చక్రమా అని కూడా అడుగుతారు. ఈ తరహా బండ్లకు ఇనుప చక్రాలు దొరకడమే అరుదు. అల్లాయ్‌లో మెరుగు పెట్టినవి, క్రోము పూసినవి వద్దు. అక్కడ రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు పోస్తారు. పై పూత ఎక్కడ చిట్లినా ఉప్పు లోపలికి దిగి పొక్కులు లేస్తాయి. మామూలు బూడిద రంగు పూత ఉన్నవి చాలు. ఆ 21 అంగుళాల అందమైన చక్రాలను ఉప్పు నుంచి కాపాడటమే ఈ రెండో సెట్టు పెట్టుబడిలో సగం వడ్డీ అని నేను అల్లుడుగారితో అన్నాను. ఆయనకు అన్నిటికంటే ఈ మాటే నచ్చినట్లుంది.

చక్రంలో గాలి కొలిచే సెన్సారు కూడా కొత్త సెట్టుకు వేయించాలి. లేకపోతే డాష్‌బోర్డు మీద ఎర్రదీపమో, పసుపుదీపమో చలికాలమంతా వెలుగుతుంది. గాలి విషయంలో ఒక్క మాట. చలి 10 డిగ్రీలు పెరిగితే టైరులో గాలి సుమారు 2 పౌండ్లు తగ్గుతుంది. వెచ్చని గ్యారేజీలో గాలి నింపి బయటి 20 డిగ్రీల మైనస్‌లోకి తీసుకువెళితే ఆరేడు పౌండ్లు మాయమవుతుంది. నెలకోసారి చూసుకోవాలి.

ఇక డబ్బు. నాలుగు టైర్లు, నాలుగు చక్రాలు, సెన్సార్లు, బిగింపు, పన్నులు కలిపి 3,100 డాలర్ల దాకా అయింది. అప్పటి మారకం ప్రకారం లక్షా తొంభై వేల రూపాయలు. నా భార్య ఆ మాట విని కుర్చీలో కూలబడింది. మన పెద్దలందరికీ ఉన్న అలవాటిది, ప్రతిదాన్నీ అరవైతో గుణించడం. గుణించి, "అంత ఎందుకురా, జాగ్రత్తగా నడుపుకోండి చాలు" అని ఫోనులో చెబుతాం. పిల్లలు మనమాట మీది గౌరవంతోనో, తమకూ ఖర్చు తప్పుతుందనో ఊరుకుంటారు. దయచేసి ఆ మాట అనకండి. లెక్క వేస్తే ఇది పూర్తి ఖర్చు కూడా కాదు. చలికాలపు టైర్లు తిరిగినన్నాళ్లు వేసవి టైర్లు అరగవు. వేరే చక్రాలు ఉంటే ప్రతి ఏడూ రెండుసార్లు టైరు ఊడదీసి ఎక్కించే కూలి ఉండదు, చక్రం మారిస్తే చాలు. ఒంటారియోలో 2016 జనవరి నుంచి చలికాలపు టైర్లున్న బండికి బీమా ప్రీమియంలో తగ్గింపు ఇవ్వాలన్న నిబంధన ఉంది. అడిగితేనే ఇస్తారు. అల్లుడుగారిచేత ఆ వారమే రాయించాను. క్లెయిము చేయకుండా వదులుకునే అలవాటు మన డిపార్టుమెంటు వారికి లేదు గదా!

చట్టం సంగతి. ఒట్టావా నది వంతెన దాటితే క్యుబెక్ రాష్ట్రం. అక్కడ రిజిస్టరైన కార్లకు డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా చలికాలపు టైర్లు తప్పనిసరి. 2008లో మొదలైన చట్టమిది. మొదట్లో డిసెంబరు 15 నుంచి ఉండేది, 2019లో ముందుకు జరిపారు. కొండ బొమ్మ ఉన్నవి, లేదా మేకులవి మాత్రమే చెల్లుతాయి. జర్మనీలో తేదీలు లేవు. రోడ్డు మీద మంచో, ఐసో ఉంటే ఆ టైర్లు ఉండి తీరాలి. 2024 అక్టోబరు నుంచి అక్కడ కూడా కొండ బొమ్మ ఉన్నవే చెల్లుతున్నాయి. మ్యూనిక్‌లో, స్టుట్‌గార్ట్‌లో పిల్లలున్నవారు ఇది గుర్తుంచుకుని అడగగలరు. 'ఎమ్ ప్లస్ ఎస్' ఒక్కటే ఉన్న పాత టైర్లు ఇంకా వాడుతూ ఉండవచ్చు.

పాత టైర్లు అంటే జ్ఞాపకం వచ్చింది. టైరు పక్కన 'డాట్' అనే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 3423 అని ఉంటే 2023వ సంవత్సరం 34వ వారంలో తయారైందని. సెకండ్ హ్యాండులో కొనేవారు ఇది తప్పక చూడాలి. గాడి లోతు కూడా కొలవాలి. చట్టం ఒప్పుకునే లోతు వేరు, మంచులో పనికొచ్చే లోతు వేరు. ఆస్ట్రియాలో 4 మి.మీ. కంటే తగ్గితే దాన్ని చలికాలపు టైరుగానే లెక్కించరు. క్యుబెక్‌లో 4.8 మి.మీ. ఉండటం మంచిదని సిఫార్సు చేస్తారు. పైగా కొన్ని టైర్లలో మంచుకు పనికొచ్చే మెత్తటి రబ్బరు పై సగం వరకే ఉంటుంది. అది అరిగితే కింద మామూలు రబ్బరే మిగులుతుంది.

కొత్త టైర్లు బిగించాక మొదటి మూడు నాలుగు వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడపాలి. బోల్టులు టార్క్ రెంచితో పుస్తకంలో రాసినంతే బిగించి, వంద కిలోమీటర్ల లోపల మళ్లీ ఒకసారి చూడాలి. ఏప్రిల్‌లో విప్పేటప్పుడు ఏ చక్రం ఏ మూలదో సుద్దముక్కతో రాసి పెట్టుకోవాలి. ఉప్పు కడిగి, ఆరబెట్టి, చక్రాలతో ఉన్న టైర్లను ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టవచ్చు. చక్రం లేని ఉత్త టైర్లయితే నిలబెట్టాలి. మేం తిరిగొచ్చే ముందు వారం నేనూ మా మనవడూ కలిసి ఆ సుద్ద రాతలు రాశాం. వాడు ఇంగ్లీషులో, నేను తెలుగులో. ఆ శరదృతువులో మళ్లీ బిగించినప్పుడు 'ముం.ఎ.' అంటే ముందు ఎడమ అని మెకానిక్‌కు వివరించడానికి అమ్మాయి నాకు రాత్రి రెండింటికి ఫోను చేసింది.

బండి మోడల్ పేరు, టైరు మీది సైజు ఒక చీటీ మీద రాసుకుని వచ్చినవారికి సభ అయ్యాక టీ దగ్గర లెక్క కట్టి పెడతాను.